బోర్డు మీద ఎంబీఏ... దిగితే ఏ ఊరు?

మా ఊరికి కొత్తగా రైల్లో వచ్చేవాళ్లు ఒక్కసారైనా తికమక పడతారు. స్టేషన్ బోర్డు మీద ‘నూజివీడు’ అని ఉంటుంది. దిగి బయటికొస్తే కనిపించేది హనుమాన్ జంక్షన్. అసలు నూజివీడు అక్కణ్నుంచి ఇంకా పదిహేను కిలోమీటర్ల పైనే. బోర్డు అబద్ధం చెప్పలేదు, మనమే ముందు అడగలేదు. ఆటోవాళ్లకి ఇది మామూలే, నవ్వి ఊరుకుంటారు.

ఉద్యోగం చేస్తూ చదివే ఎంబీఏ సంగతీ ఇంతే. ఫోన్ తెరిస్తే చాలు, ఆన్‌లైన్ ఎంబీఏ, వీకెండ్ ఎంబీఏ, ఎగ్జిక్యూటివ్ ఎంబీఏ అంటూ ప్రకటనలు. ఒక్కసారి నంబరిచ్చామా, ఇక కాల్స్ ఆగవు. ‘సార్, ఈ రోజే లాస్ట్ డేట్. ఇప్పుడు కడితే ఫీజులో రాయితీ’ అంటారు. పేరు చూసి ఎక్కేస్తున్నాం, ఎక్కడ దిగుతామో అడగట్లేదు.

నేనూ అలా ఎక్కినవాణ్నే. బీటెక్ అయ్యి ఆరేళ్లు. గన్నవరం వైపు ఒక ఐటీ ఆఫీసులో ఉద్యోగం. రోజూ హైవే మీద రాకపోకలు. దాంతోపాటు ఆన్‌లైన్ ఎంబీఏ, ఇప్పుడు మూడో సెమిస్టర్. చేరకముందు నేను వేసుకోవాల్సిన లెక్కల్ని చేరాక వేసుకున్నాను. మీరు ముందే వేసుకోండి.

ఇప్పుడే ఎందుకింత జోరు?

దూరవిద్య మనకు కొత్తేం కాదు. దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది. ఇవాళ దాన్ని డాక్టర్ బీఆర్ అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అంటున్నాం. 1985లో ఇగ్నో వచ్చింది. ఆ రోజుల్లో కరస్పాండెన్స్ కోర్సంటే పోస్టులో పుస్తకాలు, ఆదివారం క్లాసులు, ఇంటర్వ్యూలో ‘ఓహో, దూరవిద్యా?’ అనే చిన్నచూపు.

ఇప్పుడు మారింది నిబంధనలు. దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులు రెంటికీ కలిపి యూజీసీ 2020లో కొత్త రెగ్యులేషన్స్ తెచ్చింది. గుర్తింపు ఉన్న సంస్థ ఈ పద్ధతుల్లో ఇచ్చే డిగ్రీ, కాలేజీకి వెళ్లి చదివిన డిగ్రీతో సమానమేనని 2022 సెప్టెంబరులో బహిరంగంగా ప్రకటించింది. ఇందులో ఇంకో మెలిక ఉంది. రాష్ట్ర విశ్వవిద్యాలయం దూరవిద్య కోర్సుని తన ప్రాంతీయ పరిధిలోనే నడపాలి. ఆన్‌లైన్ కోర్సుకి ఆ హద్దు లేదు. అంటే, ఎక్కడో వేరే రాష్ట్రంలో ఉన్న వర్సిటీ కూడా మన ఊరి కుర్రాణ్ని చేర్చుకోవచ్చు. మనకు అన్ని కాల్స్ వస్తున్నది ఇందుకే.

రెండో కారణం మన చుట్టుపక్కలే ఉంది. కేసరపల్లిలో హెచ్‌సీఎల్, మేధా టవర్స్. మా మండలంలోనే మల్లవల్లి పారిశ్రామికవాడ. అక్కడ అశోక్ లేలాండ్ బస్సుల తయారీ ప్లాంట్ 2025 మార్చిలో ప్రారంభమైంది. ఒకప్పుడు మంచి ఉద్యోగం అంటే హైదరాబాదో బెంగళూరో. ఇప్పుడు అమ్మ పెట్టిన క్యారేజీ పట్టుకుని వెళ్లే ఉద్యోగాలు కొన్ని ఇక్కడికే వచ్చాయి. అవి చేస్తున్నవాళ్లకి రెండేళ్లు అన్నీ వదిలేసి వెళ్లి చదవాలంటే మనసు రాదు. ఉండిపోతే పైకెలా వెళ్లాలో తెలీదు. ఆ సందిగ్ధంలో ఉండగానే ప్రకటన కనిపిస్తుంది.

సరే, డిగ్రీ చెల్లుతుంది. ఆ గొడవ చాలావరకు తీరిపోయింది. కానీ చెల్లడం వేరు, పనికిరావడం వేరు. మొదటిది యూజీసీ చూసుకుంటుంది, రెండోది మనమే చూసుకోవాలి.

పేరొకటి, చేతికొచ్చేదొకటి

ముందు బోర్డు చదవడం నేర్చుకుందాం. ఉద్యోగులకు దొరికే ఎంబీఏలు స్థూలంగా నాలుగు రకాలు.

ఒకటి, దూరవిద్య లేదా ఆన్‌లైన్ డిగ్రీ. ఇగ్నో ఎంబీఏ ఇందులో అందరికీ తెలిసినది. ప్రవేశ పరీక్ష లేదు. కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా నాలుగేళ్లు. మొత్తం ఫీజు 60 వేల రూపాయల పైచిలుకు. విజయవాడలో ప్రాంతీయ కేంద్రం ఉంది. మార్కుల్లో 70 శాతం సెమిస్టర్ చివరి పరీక్షకి, 30 శాతం అసైన్‌మెంట్లకి. ‘ఇంట్లో కూర్చునే కదా’ అని తేలిగ్గా తీసుకునేవాళ్లు ఈ 70 దగ్గరే దొరికిపోతారు.

రెండు, సాయంత్రం బ్యాచ్. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉద్యోగుల కోసం నడిచే ఎంబీఏ ఈ తరహాదే. హైదరాబాద్‌లో ఉద్యోగం ఉన్నవాళ్లకి బాగుంటుంది. మనలాంటి ఊళ్ల నుంచి సాయంత్రం క్లాసుకి వెళ్లడం కుదిరే పని కాదు.

మూడు, పెద్ద బిజినెస్ స్కూళ్లు ఉద్యోగుల కోసం నడిపే ప్రోగ్రాంలు. ఐఐఎం విశాఖపట్నం, హైదరాబాద్ ఐఎస్‌బీ రెంటిలోనూ ఉన్నాయి. ఐఎస్‌బీ పీజీపీ ప్రో క్లాసులు వారాంతాల్లో జరుగుతాయి. ఇలాంటి చోట్ల అనుభవం అడుగుతారు, ఎంపిక గట్టిగా ఉంటుంది, ఫీజు లక్షల్లో ఉంటుంది. మనకు దూరం ఇంకో లెక్క. హనుమాన్ జంక్షన్ నుంచి విశాఖ అయినా, హైదరాబాద్ అయినా 300 కిలోమీటర్ల పైమాటే. శుక్రవారం రాత్రి బస్సెక్కి సోమవారం తెల్లారి దిగడం నెలా రెండు నెలలు సరదాగానే ఉంటుంది. ఆ తర్వాత నడుం చెబుతుంది.

నాలుగు, డిగ్రీ కానివి. ఎగ్జిక్యూటివ్, అడ్వాన్స్‌డ్, మినీ అన్న పేర్లతో వచ్చే ఆరు నెలల, ఏడాది కోర్సుల్లో చాలావాటికి చివర వచ్చేది సర్టిఫికెట్ మాత్రమే. సర్టిఫికెట్ చెడ్డదని కాదు, నేర్చుకోవడానికి కొన్ని చాలా బాగుంటాయి. కానీ రేపు పీజీ డిగ్రీ అడిగే నోటిఫికేషన్‌కి అది పనికిరాదు. పేరున్న సంస్థ అయినంత మాత్రాన అంతా డిగ్రీ అనుకోకండి. ఐఐఎంలకు కూడా డిగ్రీలిచ్చే అధికారం 2017 నాటి ఐఐఎం చట్టంతోనే వచ్చింది. అది అమల్లోకొచ్చింది 2018 జనవరి 31న. అంతకుముందు అవి ఇచ్చినవి డిప్లొమాలే. వాటి విలువ ఆ సంస్థ పేరు వల్ల వచ్చింది. ఆ పేరు లేని చోట అదే మాట నమ్మితే మునిగేది మనమే.

అందుకని కౌన్సెలర్‌ని ఒక్కటే ప్రశ్న అడగండి. ‘చివర నా చేతికొచ్చే కాగితం మీద ఏం రాసి ఉంటుంది?’ డిగ్రీ అంటే, యూజీసీ దూరవిద్య బ్యూరో వెబ్‌సైట్‌లో ఆ వర్సిటీ, ఆ కోర్సు, ఈ విద్యా సంవత్సరానికి ఉన్నాయో లేదో మీరే చూసుకోండి. వర్సిటీకి అనుమతి ఉంటే అన్ని కోర్సులకీ ఉన్నట్టు కాదు. నిరుడు ఉంటే ఈ ఏడాది ఉన్నట్టూ కాదు. ఫ్రాంచైజీల ద్వారా దూరవిద్య నడపడానికి యూజీసీ ఒప్పుకోదు. ‘మా సెంటర్లోనే చేరండి, పరీక్ష సంగతి మేం చూసుకుంటాం’ అన్న మాట వినిపిస్తే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి.

డబ్బు లెక్క: సగమే నిజం

ఉద్యోగం మానకుండా చదివితే లాభం ఏంటో అందరికీ తెలుసు. నెలకు 40 వేలు జీతం అనుకుందాం. రెండేళ్లు మానేస్తే పోయేది 9 లక్షల 60 వేలు. దానికి ఫుల్‌టైమ్ కోర్సు ఫీజు, హాస్టల్ ఖర్చు కలపండి. పార్ట్‌టైమ్‌లో ఇదంతా మిగులుతుంది. కౌన్సెలర్ మనకు చూపించే లెక్క ఇంతవరకే.

మిగతా సగం ఇది. ఫుల్‌టైమ్ ఎంబీఏకి కట్టే డబ్బులో పెద్ద భాగం పాఠాలకి కాదు. క్యాంపస్‌కి వచ్చే కంపెనీలకి, సమ్మర్ ఇంటర్న్‌షిప్‌కి, రెండేళ్లు పక్క గదిలో ఉండే స్నేహితులకి. ఆన్‌లైన్‌లో పాఠాలొస్తాయి, ఇవి చాలావరకు రావు. ‘ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్’ అని బ్రోషర్‌లో ఉంటే, కంపెనీలు క్యాంపస్‌కి వచ్చినట్టు ఊహించుకోకండి. పోయినేడు ఎంతమందికి, ఏ ఉద్యోగాలు వచ్చాయో రాతపూర్వకంగా అడగండి. జవాబు తీరులోనే సంగతి తెలిసిపోతుంది.

ఇంకో రెండు చిన్న విషయాలు. విద్యారుణం తీసుకుంటే, దాని వడ్డీకి ఆదాయపు పన్నులో మినహాయింపు పాత పన్ను విధానంలోనే వర్తిస్తుంది. కొత్త విధానంలో ఉన్నవాళ్లకి రాదు. కంపెనీయే ఫీజు ఇస్తానంటే సంతోషమే. కానీ చదువయ్యాక ఎన్నేళ్లు అక్కడే ఉండాలన్న షరతు ఉందేమో సంతకానికి ముందే చదవండి.

గంటల లెక్క: నేను తప్పిన పరీక్ష

ఇక అసలు లెక్కకొద్దాం. ఇగ్నో పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. నాలుగు క్రెడిట్ల పేపరుకి 120 గంటలు. సెమిస్టర్‌కి అలాంటివి ఆరు ఉన్నాయనుకుంటే 720 గంటలు. సెమిస్టర్ అంటే 26 వారాలు. వారానికి దాదాపు 28 గంటలు! ఆఫీసు పక్కన ఇంకో సగం ఉద్యోగం అన్నమాట. ‘అంతెవరు చదువుతారండీ’ అంటారు, నిజమే. సగమే చదివినా వారానికి 14. లేదా నాలుగేళ్లకి సాగదీసినా 14. ఎలా చూసినా అంతకన్నా దిగదు.

నా వారం చెబుతా. పొద్దున ఎనిమిదింబావుకి బయల్దేరతా. సాయంత్రం ఏడున్నరకి ఇల్లు. తిని కూర్చునేసరికి తొమ్మిది. రోజుకి గంటన్నర చొప్పున ఐదు రోజులు ఏడున్నర గంటలు, శని ఆదివారాల్లో కలిపి ఆరున్నర. మొత్తం పద్నాలుగు. కాగితం మీద చక్కగా కుదిరింది.

మొదటి సెమిస్టర్‌లోనే ఆ కాగితం చిరిగిపోయింది. ఆఫీసులో రిలీజ్ ఉన్న రెండు వారాంతాలు పోయాయి. ఒక శనివారం బంధువుల పెళ్లి, ఒక ఆదివారం నాన్నతో పొలం. రెండు అసైన్‌మెంట్లు గడువు దాటాయి. ఒక పరీక్ష రోజు ప్రాజెక్టు కాల్‌లో ఇరుక్కుని అసలు రాయనే లేదు. ఆ రాత్రి నాన్న ఏమీ అనలేదు. కౌలు డబ్బుల్లోంచి ఫీజు సర్దింది ఆయనే. ‘మళ్లీ రాయొచ్చులేరా’ అని మాత్రం అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

అప్పుడు నన్ను నేను అడిగాను, అసలు ఎందుకు చేరానని. నిజాయతీగా చెప్పాలంటే, బ్యాచ్‌మేట్ ఒకడు సోషల్ మీడియాలో ‘ఎంబీఏలో చేరా’ అని పెట్టిన ఫొటో చూసి. ఎంబీఏ అయితే జీతం పెరుగుతుందా అని హెచ్‌ఆర్‌ని అప్పటిదాకా అడగనే లేదు. అడిగితే వచ్చిన జవాబు: ‘చదువుకోండి, మంచిదే. కానీ డిగ్రీకి హైక్ ఇచ్చే పాలసీ మాకు లేదు.’ చేరకముందు ఐదు నిమిషాల్లో తెలిసే సంగతి!

ఆడపిల్లల విషయంలో ఈ గంటల లెక్క ఇంకా కఠినం. మా టీమ్‌లో ఒకావిడ నాకన్నా చురుకు. పెళ్లై, చిన్న బాబు. ‘నాకు తొమ్మిదింటికి చదువు మొదలవదు, వంటగది ముగుస్తుంది’ అంది ఒకరోజు. ఇలాంటి ఇంట్లో చేరాలా వద్దా అన్నది ఒక్కరి నిర్ణయం కాదు. ఆ పద్నాలుగు గంటలు ఎవరు వదులుకుంటారో భర్త, అత్తామామలతో ముందే మాట్లాడుకోవాలి. ‘నీ ఇష్టం, చదువుకో’ అంటే సరిపోదు. ఆదివారం పొద్దున బాబుని ఎవరు చూస్తారన్నది తేలాలి.

మరి ఎవరికి పనికొస్తుంది?

ఉద్యోగంలో ఉన్నవాళ్ల కోసం ప్రత్యేకంగా ఎగ్జిక్యూటివ్ ఎంబీఏని 1943లో మొదలుపెట్టింది అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయం. ఇలాంటి కోర్సుల బలం చాలా సులువుగా అర్థమవుతుంది. విద్యార్థి తన ఆఫీసు సమస్యని క్లాసుకి తెస్తాడు, క్లాసులో విన్నది సోమవారం ఆఫీసులో వాడతాడు. ఇంజినీరింగ్‌లో మనకు ల్యాబ్ ఉన్నట్టు, ఇక్కడ ఉద్యోగమే ల్యాబ్. ల్యాబ్ లేకపోతే మిగిలేది థియరీ, దానికో పట్టా.

మా పిన్ని కొడుకునే తీసుకోండి. మల్లవల్లి వైపు ఒక చిన్న యూనిట్‌లో షిఫ్ట్ సూపర్‌వైజర్. దూరవిద్యలో ఎంబీఏ, ఆపరేషన్స్. కాస్టింగ్ పేపరు చదివేటప్పుడు వాళ్ల షెడ్డులో రోజూ పోయే స్క్రాప్‌ని నెల రోజులు నోట్‌బుక్‌లో రాసి, దాని ఖరీదు లెక్కగట్టి మేనేజర్‌కి చూపించాడు. డిగ్రీ ఇంకా చేతికి రాలేదు. అప్పుడే స్టోర్స్, కొనుగోళ్ల పని అతనికి అప్పగించారు. చదివింది వాడడానికి చోటు ఉంది, వాడాడు, అంతే.

దీనికి ఎదురు ఉదాహరణ నా బ్యాచ్‌మేట్. టెస్టింగ్ ఉద్యోగం నచ్చక, ఫైనాన్స్‌లోకి మారదామని ఆన్‌లైన్ ఎంబీఏ చేశాడు. మార్కులు బాగానే వచ్చాయి. ఇంటర్వ్యూకి వెళ్లిన ప్రతిచోటా ఒకటే అడిగారు: ఫైనాన్స్‌లో అనుభవం ఎంత? అతను ఇంకా టెస్టింగే చేస్తున్నాడు. తప్పు అతనిది కాదు, డిగ్రీదీ కాదు. దారి మారాలనుకునేవాడికి కావాల్సింది ఇంటర్న్‌షిప్, క్యాంపస్ ఉన్న ఫుల్‌టైమ్ కోర్సు. లేదా ఉన్న కంపెనీలోనే వేరే విభాగానికి బదిలీ.

నాకు అర్థమైంది ఒక్క ముక్కలో చెబుతా. ఉన్న దారిలో ఒక మెట్టు ఎక్కడానికి పార్ట్‌టైమ్ ఎంబీఏ బాగా పనికొస్తుంది. ఉన్న దారిలోంచి తప్పించుకోవడానికి మాత్రం చాలా అరుదుగా పనికొస్తుంది.

చేరే ముందు ఇవి చేయండి

మొదటిది, పైసా కట్టకుండా రుచి చూడండి. కేంద్ర ప్రభుత్వ స్వయం వేదికలో మేనేజ్‌మెంట్ కోర్సులు ఉచితం. వాటి సమన్వయం చూసేది ఐఐఎం బెంగళూరు. ఇగ్నో పుస్తకాలు ఇ-జ్ఞాన్‌కోశ్‌లో ఎవరైనా చదువుకోవచ్చు. అకౌంటింగ్‌లో ఒక్క కోర్సు మొదలుపెట్టి చివరిదాకా వెళ్లండి. అది పూర్తి చేయలేకపోతే, ఫీజు కట్టినంత మాత్రాన ఎంబీఏ పూర్తవదు.

రెండోది, నాలుగు వారాలు గంటలు రాయండి. మామూలు వారాలు కాదు, పెళ్లిళ్లూ డెడ్‌లైన్లూ ఉన్న వారాలు. సగటున పద్నాలుగు గంటలు దొరికితే ముందుకెళ్లండి. ఎనిమిదే దొరికితే నాలుగేళ్ల గడువులోనూ అది కష్టమేనని తెలుసుకుని నిర్ణయించుకోండి.

మూడోది, మీ మేనేజర్‌ని అడగండి. ‘ఇది చదివితే నాకు ఇక్కడ ఏ పని ఇస్తారు?’ జీతం గురించి కాదు, పని గురించి. ప్రభుత్వోద్యోగులైతే శాఖాపరమైన అనుమతి సంగతి కూడా ముందే కనుక్కోండి.

నాలుగోది, ఆ కోర్సు పూర్తి చేసిన ఇద్దరితో మాట్లాడండి. ప్రకటనలో నవ్వుతున్నవాళ్లు కాదు, మీరే వెతికి పట్టుకున్నవాళ్లు. మధ్యలో మానేసినవాళ్లు ఒక్కరు దొరికినా ఇంకా మంచిది.

నా సంగతా? మానలేదు. తప్పిన పరీక్ష మళ్లీ రాశాను. రెండేళ్లలో అవుతుందన్న ఆశ వదిలి, సెమిస్టర్‌కి మూడే పేపర్లు పెట్టుకున్నాను. కాస్టింగ్ అర్థమయ్యాక, మా ప్రాజెక్టుకి ఎన్ని గంటలు పడతాయో, క్లయింట్‌కి ఎంత బిల్లు వేయాలో లెక్కగట్టే మీటింగ్‌లో నన్నూ కూర్చోనివ్వమని అడిగాను. ఒప్పుకున్నారు. జీతం ఒక్క రూపాయి పెరగలేదు. కానీ ఇప్పుడు ఆ షీట్ నేనే తయారుచేస్తున్నా. ‘ప్రమోషన్ ఎప్పుడురా?’ అని నాన్న అడిగితే చెప్పడానికి ఇంకా జవాబు లేదు. ‘ఏం చదువుతున్నావు?’ అంటే మాత్రం ఇప్పుడు చెప్పగలను. మొన్న ఆయన కౌలు లెక్కలో కూలీ ఖర్చు, ఎరువుల ఖర్చు విడదీసి చూపిస్తే, కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చూశారు.

ప్రకటన కింద ఉండే ‘ఈ రోజే ఆఖరు’ అన్న మాటకి కంగారు పడకండి. వచ్చే సెషన్‌లోనూ అడ్మిషన్లు ఉంటాయి. మా స్టేషన్‌లో ఒక రైలు తప్పితే ఇంకో రైలొస్తుంది. తెలియక ఎక్కి, అనుకోని చోట దిగితేనే వెనక్కి రావడానికి ఖర్చవుతుంది.